రేపటికి అదే పిలస్తాది

టార్చిలైటు ఆర్పెయ్, ఇంద్రజా.
ఎలుతుర్లో కాయ అబద్ధం చెప్తాది.
చేత్తో తడిమి చూడు.
కన్నుకూ కన్నుకూ మధ్య గాడి
రవ్వంత వెడల్పయ్యి, వెన్న రాసినట్టు జారితే
అది నీది.
బిగిసుంటే వదిలెయ్. రేపటికి అదే పిలస్తాది.

తొడిమ పట్టుకోని తిప్పు. లాగబాకు.
లాగితే కొమ్మకు కోపమంట,
వచ్చే ఏడు ఆ చోట పూత రాదంట.
మాయమ్మ మాట. నిజమో కాదో,
నేనెప్పుడూ లాగి చూళ్ళేదు.

ఈ బండ మింద కూసుందాం, గంప దించు.
అదిగో ఆ దీపాలు, బంగారుపాళెం మార్కెట్టు.
దానికి ఈ పక్క నల్లంగా కనపడేది మన తోపు.
నూటా ఇరవై చెట్లు, అన్నీ బెంగుళూరా.
పాసుపుస్తకంలో మీ మామ పేరు,
ఆ పైన వాళ్ళ నాయిన పేరు కొట్టేసి ఉంటాది.
మొదటి మూడెండాకాలాలు
బిందెలతో నీళ్ళు మోసిన దాని పేరుకు
ఆ పుస్తకంలో గడి లేదు.
గొణగడంలే. చెప్తా ఉండా, అంతే.

నువ్వింకా రాలే అప్పటికి.
ఆ ఏడు కిలో కాయ రేటు
బీడీకట్ట కన్నా కిందికి దిగిపోయింది.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ్నించి
చెరువుకట్ట దాకా ట్రాక్టర్లే.
మీ మామ మూడు దినాలు ట్రాలీ కిందనే పడుకున్యాడు.
నేను పంపిన కేరియరు
మూత తీసి, చూసి, మళ్ళా మూసి పంపించినాడు.
నాలుగో దినం కాయ కారడం మొదులుపెట్టింది.
మనకన్నా ముందు తేనెటీగలకు తెలిసింది.
ట్రాక్టరు తిరిగొచ్చి వాకిట్లో నిలబడింది
దోవ తప్పిన ఏనుగు మాదిరి.

ఆ రాత్రి ఇంట్లో మాటల్లేవు.
నడింట్లో పట్టుపురుగులు
నాలుగో జ్వరం నుంచి లేసి
ఆకు నమలతా ఉండినాయి,
కొట్టం మింద సన్నవాన పడినట్టు.
ఆ సద్దుకు ఆయన నిద్రబోయినాడు.
నేను ఆకేస్తానే ఉండినా.

తెల్లారేసరికి అంజూరమ్మక్క, పెద్ద రెడ్డెమ్మ,
గాజులమ్మే ఖాజాబీ
కత్తిపీటలు ఎత్తుకోని వచ్చినారు.
ఎవురూ పిలవలే.
సంఘం పెట్లో ఉండిన దుడ్డుతో బెల్లం తెచ్చినాం.
చాపలు చాలక నా పెండ్లి చీర పరిచినా,
తాండ్ర పొయ్యడానికి.
మూడో పొరకు వాన కొట్టింది.
సగం బూజు పట్టింది. అదీ చెప్పాల గదా.
మిగిలిన సగం చెరుకుపానకం రంగులో
ఎంత బాగుండిందంటే
మీ మామ ఒక ముక్క నోట్లో పెట్టుకోని
గోడ తట్టు తిరిగి నిలబడినాడు శానాసేపు.

అప్పు తీరిందా అంటే, తాండ్రకు తీరలే.
గూళ్ళకు కొంత తీరింది.
మిగతాది నల్లావు కట్టింది, దినానికి రెండు పూటలు.
మీ ఆయన పాలిటెక్నిక్ ఫీజు ఏ చెట్టు కట్టిందో
ఒకపారి అడిగి చూడు.
నా వేళ్ళు చూపిస్తాడు.
చింతపండు గింజ తీసీ తీసీ
ఈ నలుపు సబ్బుకు పోదు.

ఇంగ ఈ కొండ.
దీనికి పాసుపుస్తకం లేదు.
ఫారెస్టోళ్ళు మాదంటారు. కోతులు మాదంటాయి.
మేమేమీ అనం.
కోడి కుయ్యకముందే వస్తాం, అంతే.

నీ గంపలో అడుగున ఒకటి పగిలినట్టుండాది. తియ్యి.
సంతకు పనికిరాదు. సగం నాకియ్యి.
ఊం. తీపి చూడు.

గింజలు గుప్పిట్లో పెట్టుకోబాకు, ఊసెయ్.
అట్లా కాదు, దోవలో పడితే మొలవదు.
అవతలికి, రాళ్ళ సందులోకి.
నువ్వు ఆనుకోనుండే ఈ చెట్టు గూడా
ఎవురో ఒగ ఆడమనిషి
గంప దించి, కూసోని
ఊసిందే.

లే మే.
ఆరుంబావుకు బస్సు.